రెండో పీట

పోయిన వారం భానుమతిని సారుపొడి గది తలుపు ముందర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అట్లాగే నిలబడి ఉంది. చేతిలో ధర్మవరం నుంచి మోసుకొచ్చిన సంచి, వీపు మీద పొద్దుటి ఎండ. తమ్ముడి కొడుక్కి పేరు పెడతారంటే పుట్టింటికి పోయిన మనిషి, రేపు రావాల్సింది ఒక రోజు ముందే రైలు దిగింది. దిగి ఇంటికొచ్చి చూస్తే ఏముంది! గది తలుపుకు లోపల గడియ. గడప ముందర రెండు జతలు. ఒకటి అత్త వెంకటక్క హవాయి చెప్పులు. రెండోది మేడ మీద బాడుగకున్న కొరియా ఆవిడ సోయాన్ తెల్ల బూట్లు.

చెప్పులు చూసి ఇంత బాధేమిటమ్మా అనేవాళ్లు హిందూపురం వాళ్లు కారు. చారులో వేసే వెంకటక్క సారుపొడి అంటే అటు మడకశిర నుంచి ఇటు పెనుకొండ దాకా తెలియని వంటిల్లు లేదు. మొగుడు పోయినాక ఎండుమిరపకాయల అంగడినీ, ఆ పొడినీ పట్టుకుని ఇల్లు నిలబెట్టిన మనిషి ఆమె. పొడి కలిపే రోజు ఆ గదిలోకి ఎవరుపడితే వాళ్లు పోరాదు. లోపల రెండే పీటలు. ఒకదాని మీద కలిపే మనిషి. రెండోదాని మీద, ఆమె తర్వాత ఆ పని ఎవరు చేయాలో ఆ మనిషి. వెంకటక్కను ఒకప్పుడు ఆమె అత్త పిలిచి కూర్చోబెట్టింది. వరస ప్రకారం ఇప్పుడు ఆ పీట భానుమతిది. పెళ్లై పదహారేళ్లయింది, పిలుపు రాలేదు. పొడి కలిపే రోజు వచ్చిందంటే చాలు, గుడికి పోయిరా అనో, టైలరు దగ్గర జాకెట్లు తెచ్చుకో అనో ఏదో ఒక వంకతో గడప దాటించేది. మొన్న కూడా, "తమ్ముని ఇంట్లో రెండు దినాలుండి రాపో మే, ఏంటికి తొందర" అని తనే సంచి సర్ది పంపింది. ఇందుకన్నమాట!

లోపలి నుంచి నవ్వు వినబడింది. వెంకటక్క నవ్వు. ఆమెకు నవ్వడం వచ్చని ఆ ఇంట్లో చాలామందికి తెలియదు.

"ఇంగొంచెం మెంతులు పడాల్నా తల్లీ? నువ్వు వాసన చూసి చెప్పు."

"చాలు అవ్వా. ధనియాలు... ధనియాలు కొంచెం."

విన్నారా! నువ్వు చూసి చెప్పంట! సారులో ఉప్పు సరిపోయిందా లేదా అని కోడల్ని ఒక్కటంటే ఒక్కసారి అడగని మనిషి, నిన్న గాక మొన్న విమానం దిగిన ఆవిడను మెంతుల సంగతి అడుగుతోంది. తల్లీ అట, తల్లీ! భానుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

సోయాన్ కుటుంబం ఆ మేడ మీదికి వచ్చి ఎనిమిది నెలలు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ఏవో భాగాలు చేసి ఇచ్చే కంపెనీలో ఆమె మొగుడికి పని. ఏడేళ్ల కూతురు హానా. వచ్చిన మొదటి వారం చూడాలి వాళ్ల అవస్థ. కొళాయి నీళ్లు తెల్లవారుజామున వచ్చి గంటలో పోతాయని తెలియక రెండు రోజులు బాటిల్ నీళ్లతో గిన్నెలు కడుక్కున్నారు. కూరగాయల అంగట్లో వాళ్లు, బయటి మనిషి కదా, కన్నడమైతే అర్థమవుతుందేమోనని ఆమెతో కన్నడంలో మాట్లాడేవాళ్లు. ఆ పిల్ల వీధిలోకి వస్తే జనం ఆగి ఆగి చూసేవాళ్లు. పిల్ల భయపడి ఇల్లు కదిలేది కాదు.

ఒక రోజు వెంకటక్క మేడెక్కి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించుకుపోయింది. చూసినవాళ్లందరికీ ఒకటే మాట: "మా మనవరాలప్పా. ఏం, ఎప్పుడూ పిల్లల్ని చూళ్లేదా?" ఆ రోజు నుంచి ఆ పిల్లను చూసి ఎవరూ ఆగలేదు. ఊరు ఊరంతా మెచ్చుకుంది.

భానుమతి మాత్రం వంటింట్లో పోపు మాడబెట్టింది. ఎందుకంటే ఆమె కూడా ఒకప్పుడు ఈ ఊరికి కొత్తదే. ధర్మవరం ఎంత దూరం, రైల్లో రెండు గంటలు అంటారు మీరు. పట్టుచీరల బేరాల మధ్య పెరిగిన పిల్లకు, డబ్బుల్ని దుడ్లు అనే ఈ వీధులు, పొద్దున లేస్తే మిరపకాయల ఘాటు, గంటకొకసారి దగ్గు, ఎవరూ పలకరించని ఇల్లు... ఆ రెండు గంటల దూరం ఆమెకు దేశం దాటినట్టే ఉండింది. అప్పుడు చెయ్యి పట్టుకుని బజారు చూపించింది ఎవరు? ఎవరూ లేరు.

ఇంకొకటుంది. పెళ్లిలో భానుమతి నాయన అత్తగారికని పెట్టిన ధర్మవరం పట్టుచీర. ఎర్ర అంచు, మధ్యంతా ఆకుపచ్చ. "ఈ రంగు నాకు నప్పదు" అని వెంకటక్క పదహారేళ్లు పెట్టెలోనే పెట్టింది. మొన్న శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం రోజు తీసింది. తీసి, సోయాన్‌కు తన చేతులతో కుచ్చిళ్లు పెట్టి కట్టింది! ఆ రోజు భానుమతి తాంబూలాలు పంచుతూ నవ్వుతూనే ఉంది. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి. ఆఖరికి కన్నకూతురు అనురాధ కూడా బడి వదలగానే మేడ మీదికే పరుగు, ఆ ఆంటీ దగ్గర కొరియా అక్షరాలు నేర్చుకోవాలట.

ఇన్నిటినీ మింగుకుంది. కానీ ఆ పీట? ఆ పీటను మింగడం ఆమె వల్ల కాలేదు.

తలుపు కొట్టబోయి, వెనక్కి తిరిగి వసారాలోకి వచ్చింది. అక్కడ గోడ పక్కన తెల్లగుడ్డ మూట ఒకటి ఉంది. చూడగానే గుర్తుపట్టింది. బ్యాడిగి మిరపకాయల కారం. సోయాన్ వాళ్ల దేశంలో చలికాలం మొదట్లో ఆడవాళ్లంతా ఒకచోట చేరి క్యాబేజీతో ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టుకుంటారట. పెనుకొండలో ఉన్న పద్నాలుగు కొరియా కుటుంబాలు ఇవాళ ఆదివారం అక్కడ కలుస్తున్నాయి. వాళ్లకు కావలసింది ఎరుపు, మంట కాదు. చిన్నపిల్లలు కూడా పచ్చిగానే తింటారు కాబట్టి వెంకటక్క దగ్గరుండి ముడతల కాయ ఏరించి, గింజలు దులిపించి, మరలో వేరేగా ఆడించింది. ఇదంతా భానుమతికి బాగా తెలుసు. ఏరినవాళ్లలో ఆమె కూడా ఉంది మరి!

మూట మీద కాగితం ముక్క గుచ్చి ఉంది. దాని మీద గీతలూ సున్నాలూ, కొరియా రాత. "ఓహో, పేరు కూడా రాసుకునింది మహారాణి" అనుకుంది భానుమతి.

ఆ తర్వాత చేసింది ఆమె ఆలోచించి చేసింది కాదని చెబితే నేను అబద్ధమాడినట్టు. ఆలోచించే చేసింది. మూట ముడి విప్పింది. పక్కనే ఉన్న, అంగట్లో అమ్మే గుంటూరు కారం డబ్బా మూత తీసింది. చూస్తే కళ్లు మండే సరుకు. చిన్న గిన్నెతో ఒకటి పోసింది, చాలదని ఇంకొకటి పోసింది. మోచేతుల దాకా పెట్టి కలిపింది. రంగులో తేడా రాలేదు. "తిని ఏడవనీ. వెంకటక్క చెయ్యి, ఆయమ్మ ముక్కు ఏపాటివో పద్నాలుగు కొంపలకు తెలియనీ. అప్పుడు పిలుస్తాది నన్ను." ముడి మళ్లీ వేసింది. చేతులు కడుక్కుంది. చెప్పొద్దూ, ఆ క్షణాన ఆమెకు భలే సుఖంగా అనిపించింది.

గడియ తీసిన చప్పుడైంది. సోయాన్ బయటికి వచ్చింది. నెత్తికి గుడ్డ, ముక్కు మీద పసుపు.

"అక్కా! ఎప్పుడు వస్తివి? ఉగ్గాని తింటివా?"

ఆ మనిషి ముఖంలో దొంగతనం లేదు. అదే ఇంకా మంటగా అనిపించింది భానుమతికి. "తింటి లేమ్మా" అంది పళ్లు బిగబట్టి.

"నేను పాపను తయారు చేసి వస్తా. పెనుకొండకు ఆటో వస్తాండాది" అని సోయాన్ మెట్లెక్కి పోయింది.

భానుమతి గడప దాటి లోపలికి అడుగుపెట్టింది. ఎవరూ పిలవకుండానే. పీట మీద వెంకటక్క, ముందర వెడల్పాటి పళ్లెం, చుట్టూ డబ్బాలు.

"ఏమే, రేపు కదా నువ్వొచ్చేది?"

"ముందొచ్చి నీ పని చెడగొట్టినా అత్తా. తెలిసింటే స్టేషన్లోనే కూచోనుండేదాన్ని."

"ఎగతాళి వద్దు. వచ్చినావు కదా, కూచో."

"యాడ కూచోవాల? ఆయమ్మ లేచిపోయిన పీట మీదనా?"

వెంకటక్క తల వంచుకుని ధనియాల డబ్బాకు మూత పెట్టింది. అది చూసి భానుమతికి ఇంకా ఒళ్లు మండింది. కట్ట తెగినట్టు వచ్చేశాయి మాటలు.

"నేనేం తప్పు చేసినా అత్తా? చెప్పు. నీ అంగడికి తొడిమలు తీసీ తీసీ నా వేళ్లు చూడు ఎట్లయినాయో. నీకు జ్వరమొస్తే ఎవరు కూచోనిరి? నీ కొడుకా? ఒక్కనాడన్నా 'భానూ, ఇది చూడు, బాగుండాదా' అని అడిగినావా? ఆయమ్మ వచ్చి ఎనిమిది నెలలు కాలేదు. నాలుగు మాటలు నేర్చుకుని అవ్వా అంటానే కరిగిపోయినావే! నా నాయన పెట్టిన చీర గూడా ఆమెకే. నేను కుళ్లుకుంటాండా, అవును, కుళ్లుకుంటాండా. నాకేం సిగ్గు లేదు చెప్పేదానికి!"

చెప్పేసి ఏడ్చింది. పమిట నోటికడ్డం పెట్టుకోకుండా, గట్టిగానే ఏడ్చింది.

వెంకటక్క పళ్లెం అంచు తుడిచింది. తర్వాత పక్కనున్న రెండు చిన్న డబ్బాలు ముందుకు జరిపింది. ఒకదాంట్లో బెల్లం, ఇంకోదాంట్లో ఇంగువ.

"నేను కండ్లు మూసుకుంటా. దీంట్లో ఏదో ఒకటి నా ముక్కు కాడ పెట్టు."

"ఏంటికి?"

"పెట్టు మే."

భానుమతి ఇంగువ ముద్ద తీసింది. మూత తీస్తే చాలు వీధిలోకి వాసన కొట్టే ఇంగువ. అత్త ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. వెంకటక్క గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

"బెల్లం" అంది.

భానుమతి చేతిలోని ముద్ద జారి పళ్లెంలో పడింది.

"చూస్తివా?" వెంకటక్క కళ్లు తెరిచింది. "కరోనా వచ్చినప్పుడు పోయె. అందరికీ మళ్లా వచ్చె, నాకు రాలా. నాలిక్కి గూడా మట్టి తిన్నట్టుండాది. ఇన్నేండ్లూ చేతి గుర్తుతో కలిపినా. పోయినేడు హోటల్ కుళ్లాయప్ప పొడి వాపసు పంపె, గుర్తుండాదా? మిల్లు వానిదే తప్పని గలాటా చేస్తి. మిల్లు వాని తప్పు కాదు."

"మరి మాకెవరికీ..."

"సోయమ్మకు నేనుగా చెప్పలా. వాళ్లొచ్చిన పదో దినం, నేను వంటింట్లో కూచోనున్నా. పాలు పొంగి, మాడి, ఇల్లంతా పొగ. నేను పొయ్యికి వీపు పెట్టి చిక్కుడుకాయలు తుంచుతాండా. నువ్వు మార్కెట్టుకు పోయింటివి. ఆయమ్మ మేడ మీది నుంచి వాసన పట్టి పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పె. ఆర్పి నా మొగం చూసె. వాళ్లమ్మకు గూడా ఇట్లే అయిందంట. ఒక్క తెలుగు ముక్క రాదు అప్పుడు. నా ముక్కు పట్టుకుని, తల ఊపి, ఏడ్చె."

భానుమతి తెలియకుండానే పీట మీద కూలబడింది. ఏ పీటో కూడా చూసుకోలేదు.

"ఇంట్లో ఉండేదాన్ని నేను" అంది నెమ్మదిగా. "నాకు చెప్పకూడదా అత్తా?"

"ఇంట్లో ఉండేదానివి కాబట్టే చెప్పలా. ఆయమ్మ మూడేండ్లకో నాలుగేండ్లకో వాళ్ల దేశం పోతాది. నువ్వు యాడికీ పోవు. నా చేతగానితనం పొద్దున లేస్తే నీ కండ్లల్లో చూస్తా బతకాల్నా?" వెంకటక్క పళ్లెంలో పడిన ఇంగువ ముద్ద ఏరి డబ్బాలో వేసింది. "ఇంగొకటి చెప్తా విను. నువ్వొక్కదానివే కుళ్లుకుంటాండావు అనుకోవద్దు. నువ్వు కాపురానికొచ్చిన మొదటి వారం, సారు గుక్కెడు తాగి, 'అత్తా, మెంతులు రవ్వంత ఎక్కువైనాయి' అన్నావు. మంచికే అన్నావు. అది నిజం. ఆ దినం నాకు చెయ్యి జారింది. మా అత్త గూడా పట్టలేనిది, పద్దెనిమిదేండ్ల పిల్ల పట్టె! ఆ దినమే అనుకున్నా, దీన్ని ఈ గదిలోకి రానిస్తే నేను బయటికి పోవాల్సిందేనని. పదహారేండ్లు నీ ముక్కును చూసి ఏడ్చినా భానూ. నా ముక్కు పోయినాక ఇంగా ఎక్కువ ఏడ్చినా."

భానుమతి పదహారేళ్లుగా తనలో ఏదో తక్కువ ఉందని కుమిలిపోయింది. తక్కువ కాదట, ఎక్కువట! నవ్వాలో, అత్త గొంతు పట్టుకోవాలో తెలియలేదు. చెయ్యి మాత్రం తనంతట తానే పోయి అత్త మోకాలి మీద పడింది. వెంకటక్క తోసెయ్యలేదు.

"సోయమ్మే పోరు పెట్టె. 'అవ్వా, నేను పోతా. అక్క ఉంటాది. అక్కకు చెప్పు' అని ఒకటే చెవిలో జోరీగ. రేపు నువ్వొస్తానే చెప్పాలనుకుంటి. చీర గూడా ఆమె ఉతికించి తెచ్చి, 'ఇది అక్క నాయనది, అక్కకే ఇయ్యి' అని ఆ పెట్టెలో పెట్టె. సరే అదిట్లుండనీ. పెనుకొండ వాళ్లు ఇంగ ఏడాది పొడుగునా కారం మన దగ్గరే తీసుకుంటామన్నారు. ఆ బేరం నీది. నా పేరు మీద వద్దంటి. వసారాలో మూట చూసినావు కదా?"

"చూ... చూసినా."

"దాని మీద కాగితం? వాళ్ల రాతలో రాయించినా. 'భానుమతి కారం' అని. అనురాధే కూచోని రాసె."

భానుమతి చటుక్కున లేచింది. వసారాలోకి పరుగెత్తింది. గోడ పక్కన మూట లేదు. ఎర్రటి పొడి చార మాత్రం కింద కనిపించింది. గేటు బయట ఆటో ఇంజను కొట్టుకుంటోంది. "సోయాన్! ఆగమ్మా!" అని అరవబోయింది. అరిచి ఏమని చెప్పాలి? నేనే పాడుచేశానని చెప్పాలా? 

అరవాల్సిన పని లేకపోయింది. గేటు తోసుకుని సోయానే వెనక్కి వస్తోంది. రెండు చేతులతో మూటను పొట్టకు హత్తుకుని ఉంది. మూట ముడి విప్పి ఉంది. ముక్కు ఎర్రగా కంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వెనకాల హానా తుమ్ముతూ వస్తోంది. సోయాన్ భానుమతిని దాటి నేరుగా గదిలోకి పోయి, మూట వెంకటక్క ముందర పెట్టింది.

"అవ్వా, ఇది మనం ఆడించింది కాదు. వాసన వేరే ఉండాది. ఆటో ఎక్కేముందు విప్పి చూస్తి. ఎవరో ఏదో కలిపినారు."

వెంకటక్క మూటలో చెయ్యి పెట్టి పిడికెడు కారం తీసింది. పాత అలవాటు కొద్దీ ముక్కు దాకా తెచ్చి, సగంలో ఆపేసింది. తల తిప్పి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డ కోడల్ని చూసింది.

"ఇట్ల రా భానూ."

భానుమతి వచ్చింది. వెంకటక్క ఆమె ముఖం ముందర అరచెయ్యి విప్పింది.

"ఇంత కాలం నిన్ను అడగలా. ఇప్పుడు అడుగుతాండా. ఈ ఇంట్లో నమ్మేదానికి ఇంగ నీ ముక్కొక్కటే ఉండాది. చూసి చెప్పు, దీంట్లో ఏం కలిసింది?"

భానుమతి వంగింది. వాసన చూడాల్సిన అవసరమే లేదు, అయినా చూసింది. తలెత్తేసరికి ఇద్దరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"చెప్పు మే" అంది వెంకటక్క, ఎంతో నమ్మకంగా.